కారు సైలెన్సర్ మార్పు: షాపుకు అప్పగించాలా, సొంతంగా చేసుకోవాలా?

ప్రశ్న: నిజాంపేట వాసి

అందరికీ నమస్కారం. నా దగ్గర 2016లో కొన్న 1.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఉంది. బీఎస్-4 కాలుష్య ప్రమాణం నాటి బండి, ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలలుగా వెనుకవైపు నుంచి బుసబుసమని శబ్దం వస్తుంటే, మొన్న సర్వీసింగులో లిఫ్టు మీదికి ఎత్తి చూపించారు. వెనుక సైలెన్సర్ డబ్బా కుట్టు వెంబడి తుప్పు పట్టి, చిటికెన వేలు దూరేంత రంధ్రం పడింది. నడిమి పైపు ఇంకా చిల్లు పడలేదు గానీ, గోటితో గీకితే పొరలు పొరలుగా రాలుతోంది.

ఎలాగూ మార్చక తప్పదు కాబట్టి, మళ్లీ అదే రకం వేయించే బదులు, క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే డబ్బా) దాటిన తరువాతి భాగమంతా స్టెయిన్‌లెస్ స్టీలుతో కొత్తగా చేయించుకుంటే ఎలా ఉంటుందన్న ఆలోచన మొదలైంది. నాలుగు చోట్ల విచారించాను. కంపెనీ విడిభాగాలే అయితే కూలితో కలిపి 11,000 రూపాయలు అవుతుందన్నారు. కార్ల మార్పులకే పేరుపడ్డ ఒక షాపువాళ్లు మొత్తం స్టెయిన్‌లెస్ పనికి 42,000 అడిగారు. బాలానగర్ వైపు ఒక వెల్డింగ్ షెడ్డులో అదే పనిని 14,000కు చేస్తామన్నారు. డబ్బా, రెండంగుళాల పైపులు, బెండులు, క్లాంపులు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని నేనే బిగించుకుంటే 16,000 దాకా తేలుతోంది.

ఉద్యోగం కంప్యూటర్ ముందు కూర్చుని చేసేదే అయినా, ఆయిలు, స్పార్క్ ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. మంచి జాకీ, రెండు స్టాండ్లు, పానాల సెట్టు ఉన్నాయి. వెల్డింగ్ మాత్రం రాదు. శబ్దం పెరగడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే రోజూ తెల్లవారి అయిదున్నరకే సెల్లార్‌లో బండి తీస్తాను, సరిగ్గా ఆ పైన ఉన్న ఫ్లాట్‌లో వయసు మళ్లిన దంపతులు ఉంటారు. స్వరం కాస్త గంభీరంగా ఉంటే సంతోషమే, లేకపోయినా పర్వాలేదు. పెద్ద షాపు అడిగే మొత్తానికీ నా సొంత లెక్కకూ మధ్య ఉన్న 26,000 రూపాయల తేడా నిజానికి దేనికి పోతుందో, అది పెట్టదగిన డబ్బేనో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు: ఆదివారం మెకానిక్

రెండేళ్ల కిందట నేను సరిగ్గా ఇదే లెక్క వేసుకుని, సొంతంగా చేయడానికే దిగాను కనుక, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి ఆదివారం పాతది విప్పడానికే సరిపోయింది. క్యాటలిటిక్ కన్వర్టర్ వెనుక ఉండే ఫ్లాంజి (రెండు పైపులను కలిపే అంచు) బోల్టులు ఏళ్ల తరబడి వేడికి కాలి, వానకు తడిసి, నట్టూ బోల్టూ ఒకే ముద్దగా మారిపోయి ఉంటాయి. ముందురోజు రాత్రి నుంచి మూడుసార్లు తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. మొదటి నట్టు మర్యాదగా వచ్చింది. రెండోదానికి పానా వేసి, దాని చివర గొట్టం తొడిగి బలంగా లాగితే, నట్టు రాలేదు, స్టడ్డే విరిగి చేతికొచ్చింది. కారు కింద వెల్లకిలా పడుకుని, మొహం మీద తుప్పు రాలుతుండగా, ఆ విరిగిన ముక్కను డ్రిల్లుతో తొలవడానికి మూడు గంటలు పట్టింది. కళ్లద్దాలు లేకుండా ఆ పనికి దిగకండి. రబ్బరు వేలాడదీతలకు మాత్రం బలం అక్కర్లేదు, సబ్బునీళ్లు పూసి మెలిపెడితే వాటంతట అవే జారి వస్తాయి.

రెండో ఆదివారం కొత్తది బిగించాను. అన్ని కార్లకూ సరిపోతుందని పెట్టె మీద రాసి ఉన్న డబ్బా నిజానికి ఏ కారుకూ సరిపోయేటట్టు చేసింది కాదని అప్పుడు తెలిసింది. కంపెనీ పైపు వెనుక ఇరుసును తప్పించుకుంటూ ఎక్కి దిగే వంపు చాలా ఇరుకైనది. ఆ వంపును రెడీమేడ్ బెండు ముక్కలతో తీసుకురావాలంటే నాలుగు అతుకులు పడ్డాయి, నాలుగింటికీ యూ-క్లాంపులే గతి. క్లాంపు గట్టిగా బిగిస్తే పైపు నొక్కుకుపోతుంది, వదులుగా బిగిస్తే పొగ కారుతుంది. అప్పటికి బాగానే ఉందనిపించి బండిని కిందికి దించాను. మర్నాడు ఆఫీసుకు 20 కిలోమీటర్లు వెళ్లేసరికి, కింద ఎవరో రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపుతున్నట్టు మోత మొదలైంది.

దానికంటే పెద్ద బాధ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక బయటపడింది. గచ్చిబౌలి దాటి వంద వేగం అందుకోగానే, ఇంజిన్ దాదాపు 3,000 ఆర్‌పీఎం దగ్గర ఉన్నప్పుడు, చెవుల్లో కాకుండా కడుపులో వినిపించే ఒక హోరు మొదలై, శంషాబాద్ దాకా ఆగలేదు. పక్కన కూర్చున్న మా ఆవిడ ఒకే ఒక్క మాట అంది: "డబ్బు పెట్టి మరీ తలనొప్పి కొనుక్కున్నారు." కాదనడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు.

మూడో ఆదివారం నేను పని చేయలేదు, ఒక వెల్డింగ్ షెడ్డు ముందు బెంచీ మీద కూర్చున్నాను. అతుకులన్నీ ఆర్గాన్ వాయువుతో చేసే వెల్డింగ్ చేయించి, మధ్యలో హోరును అణిచే ఒక చిన్న రెజొనేటర్ డబ్బా పెట్టించేసరికి హోరు చాలావరకు తగ్గింది. 16,000 అనుకున్నది 23,000 దాటింది. అయినా నేను పశ్చాత్తాపపడటం లేదు, ఎందుకంటే ఇప్పుడు కారు కింద ఎక్కడ టిక్కుమన్నా అది ఏ రబ్బరో, ఏ రేకో నాకు తెలుస్తుంది. మీరు కొనాలనుకుంటున్నది ఆ తెలివిడే అయితే సొంతంగా చేయండి. డబ్బు మిగలడం కోసమే అయితే, మిగలదు.

సెల్లార్‌లో ఉంటానన్నారు కనుక ఇంకొక్క మాట. పాతది విప్పేశాక సరదాకైనా, లీకు ఎక్కడుందో చూడటానికైనా లోపల ఇంజిన్ ఆన్ చేయకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, తలనొప్పిగా మొదలై మనిషిని పడేస్తుంది. కారు కింద పడుకున్న మనిషికి అది మరీ ప్రమాదం. బండిని ఆరుబయటికి తోసుకుని వెళ్లండి. అలాగే జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకండి, స్టాండ్లు పెట్టాక కూడా బండిని ఒకసారి గట్టిగా ఊపి చూసి గానీ లోపలికి వెళ్లకండి.

జవాబు: బాలానగర్ ఆర్గాన్

నేను పదిహేడేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ముందే చెబుతున్నాను, ప్రశ్న వేసినవారికి ధర చెప్పిన షెడ్డు నాది కాదు, కనుక నా మాటలో గిరాకీ కోసం పాకులాట ఉందనుకోవద్దు.

26,000 దేనికి పోతుందని అడిగారు. కొంత ప్రధాన రోడ్డు మీది అద్దెకు, అద్దాల గదికి పోతుంది, అది దాచాల్సిన సంగతేమీ కాదు. కొంత పైపుకు, బెండులకు, లిఫ్టుకు పోతుంది. మిగిలినది, నా లెక్కలో అసలైనది, రెండోసారి మీరు తిరిగి వచ్చినప్పుడు చేసే పనికి పోతుంది. సైలెన్సర్ పని ఒక్కసారితో ముగిసేది కాదు. చల్లగా ఉన్నప్పుడు వేలు దూరేంత సందు ఉన్నచోట, వేడెక్కాక పైపు రేకును తాకుతుంది. ఇంజిన్ తన రబ్బరు మౌంట్ల మీద ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దానితోపాటే పైపూ ఊగుతుంది. అందుకే నేను బండి అప్పగించేటప్పుడే, ఒక 200 కిలోమీటర్లు తిరిగి, ఇంజిన్ వేడి మీద ఉండగానే మళ్లీ రమ్మని చెబుతాను. అప్పుడు లిఫ్టు ఎక్కించి కొక్కేలు సరిచేస్తాను, అవసరమైతే ఒకటి కోసి మళ్లీ అతుకుతాను. ఆదివారం మెకానిక్ గారు అనుభవించిన గులకరాళ్ల మోత సరిగ్గా ఈ రెండో రాకడ లేకపోవడం వల్ల వచ్చిందే. కాబట్టి ధర అడిగేటప్పుడు "ఎంత?" అన్న ప్రశ్న కంటే "మోత వస్తే ఎన్నిసార్లు చూస్తారు, దానికి విడిగా తీసుకుంటారా?" అన్న ప్రశ్న ముందు అడగండి. దీనికి సూటిగా జవాబు చెప్పే 14,000 షెడ్డు, నీళ్లు నమిలే 42,000 షాపు కంటే నయం.

ఇక సరుకు సంగతి. ఎగ్జాస్టుకు వాడే స్టెయిన్‌లెస్‌లో 409, 304 అనే రెండు గ్రేడులు ముఖ్యం. 409కి అయస్కాంతం అంటుకుంటుంది, పైపైన గోధుమరంగు తేలుతుంది గానీ చాలాకాలం మన్నుతుంది. కంపెనీలు తమ కార్లకు ఎక్కువగా వాడేది ఈ కుటుంబానిదే. 304 మెరుపు పోదు, ధర ఎక్కువ, అయస్కాంతం దాదాపుగా అంటదు. ఇక్కడే ఒక మోసం నడుస్తుంది. మెట్ల రెయిలింగులకు, గేట్లకు వాడే 202 గ్రేడుకు కూడా అయస్కాంతం అంటదు. అయస్కాంతం తెచ్చి చూపించి "చూడండి సార్, 304" అంటే నమ్మడానికి వీల్లేదు. రాణిగంజ్‌లో స్టీలు పైపులు అమ్మేవారి దగ్గర గ్రేడు తేల్చే ద్రావకం చిన్న సీసాల్లో ఉంటుంది, పైపు మీద ఒక చుక్క వేసి రంగు మారుతుందో లేదో చూస్తారు. పని మొదలుపెట్టక ముందే ఆ పరీక్ష మీ ఎదుట చేయమనండి. చేయనంటే లేచి వచ్చేయండి.

పనితనాన్ని రెండు చోట్ల చూడాలి. బెండు లోపలి వంపున చొక్కా మడతలా ముడతలు ఉంటే, ఆ పైపును మామూలు నొక్కుడు యంత్రంలో వంచారని అర్థం, అక్కడ దారి సన్నబడిపోతుంది. ముడత లేకుండా గుండ్రంగా తిరిగి ఉండాలి. రెండోది వెల్డింగ్ లోపలి వైపు. బయట అందమైన రంగుల గీతలు అందరూ తీయగలరు. పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి అతకకపోతే, లోపలివైపు లోహం మాడి, నల్లటి పంచదార పలుకుల్లా పొంగుతుంది, అతుకు అక్కడి నుంచే పగులుతుంది. అంతకుముందు చేసిన ఏదైనా పైపు ముక్కను చేతికి తీసుకుని లోపలికి టార్చి వేసి చూడండి.

బండి మీద ఉండగానే వెల్డింగ్ చేస్తుంటే బ్యాటరీ నెగటివ్ తీగ ముందు తీయాలి, లేకపోతే ఇంజిన్ కంప్యూటర్‌కు ముప్పు. పెట్రోల్ ట్యాంకు వెనుక సీటు కిందే ఉంటుంది, పైపు దాని పక్కనుంచే పోతుంది. నేనైతే ఆ భాగంలో రెండు చుక్కల అతుకు వేసి గుర్తు పెట్టుకుని, పైపును కిందికి దించి బల్ల మీదే పూర్తి చేస్తాను. ఎవరైనా ట్యాంకు పక్కనే నిప్పురవ్వలు లేపుతుంటే, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే అప్పుడే ఆపమని చెప్పడం మేలు.

జవాబు: ఖైరతాబాద్ మిత్రుడు

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక రాస్తున్నాను. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) ప్రకారం, అనుమతి లేని రీతిలో భాగాలు మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. శబ్దానికీ పొగకూ సంబంధించిన ప్రమాణాలు మీరితే 190(2) వేరుగా ఉంది, అందులో మొదటిసారికే 10,000 వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ, దానికితోడు మూడు నెలలు లైసెన్సుపై అనర్హత. మోత సైలెన్సర్లను మన నగర పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించడం వార్తల్లో చూస్తూనే ఉన్నాం, అవి ఎక్కువగా బైకులవే అయినా నియమం కార్లకూ ఒకటే.

కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం సైలెన్సర్ ఉండి తీరాలంటుంది. 113వ నియమం ఎగ్జాస్టు పైపు పెట్రోల్ గొట్టానికి 35 మిల్లీమీటర్ల లోపు రాకూడదంటుంది. ఈ రెండోది చాలామంది వెల్డర్లు కూడా పట్టించుకోరు, మీరే స్కేలు పెట్టి కొలవండి. చిల్లు పడ్డ సైలెన్సర్ స్థానంలో కంపెనీదే వేయించుకుంటే ఈ తలనొప్పులేవీ లేవు. స్టెయిన్‌లెస్ చేయించుకుంటే, శబ్దం పెరగకుండా చూసుకోవడంతోపాటు, బీమా కంపెనీకి ఆ మార్పును రాతపూర్వకంగా తెలియజేయండి. నోటిమాటగా ఏజెంటుకు చెప్పడం లెక్కలోకి రాదు.

జవాబు: బండి పిచ్చి

పెద్దలు క్షమించాలి, నాదొక సందేహం. పైపుల దారిలో అసలు అడ్డు క్యాటలిటిక్ కన్వర్టరే కదా? అంత ఖర్చు పెట్టేటప్పుడు దాన్ని కూడా తీసేసి, ఇంకాస్త లావు పైపు, అంటే రెండున్నర అంగుళాలది వేయిస్తే పవర్ బాగా పెరుగుతుందని మా మెకానిక్ అంటున్నాడు. అలా ఎందుకు చేయకూడదు?

జవాబు: పాత పానా

బాబూ, ఆ మెకానిక్ తీసిన క్యాటలిటిక్ కన్వర్టర్‌ను నీ చేతికి ఇస్తాడేమో ముందు అడుగు. అందులో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి, పాత సామాను కొనేవారి దగ్గర దానికి మంచి ధర పలుకుతుంది. నీకు పవర్ వచ్చినా రాకపోయినా ఆయనకు మాత్రం ఆదాయం ఖాయం.

నేను ఇంజిన్ల పరీక్షా విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. క్యాటు, అంటే ఆ కన్వర్టర్, వెనుక ఒక ఆక్సిజన్ సెన్సర్ ఉండి, క్యాటు పనిచేస్తోందో లేదో ఇంజిన్ కంప్యూటర్‌కు నిరంతరం చెబుతుంటుంది. క్యాటు తీసేస్తే పి0420 అనే కోడుతో డాష్‌బోర్డు మీద ఇంజిన్ దీపం వెలిగి కూర్చుంటుంది. కాలుష్య పరీక్షలో బీఎస్-4 పెట్రోల్ కారుకు, బండి కదలకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం మించకూడదు. క్యాటు లేని బండి ఆ గీత దాటకుండా నిలవడం కష్టం. అది చట్టవిరుద్ధమన్నది పైన మిత్రులు చెప్పినదాన్ని బట్టే తెలుస్తుంది.

పైపు లావు సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రశ్న వేసినవారు రెండంగుళాలు అన్నారు, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించారో లేదో తెలియదు. ఈ తరగతి కార్లలో కంపెనీ పైపు బయటి కొలత సుమారు 42 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండంగుళాలంటే 50.8. వ్యాసంలో తేడా చిన్నగా కనిపించినా, దారి వైశాల్యం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. రెండున్నర అంగుళాలైతే రెండుంబావు రెట్లు మించుతుంది, అంటే లోపల వాయువు వేగం సగానికన్నా తక్కువకు పడిపోతుంది. ఒక సిలిండర్ నుంచి వేగంగా దూసుకుపోయే వాయువు తన వెనుక కొంత ఖాళీని సృష్టించి, తరువాతి సిలిండర్ పొగను లాగుతుంది. దారి మరీ విశాలమైతే ఆ ఊపు చెదిరిపోతుంది. దాని ఫలితం మీకు రేసు ట్రాక్ మీద కాదు, అమీర్‌పేట సిగ్నల్ దగ్గర రెండో గేరులో బండి కదలడానికి మొండికేసినప్పుడు తెలుస్తుంది. ఎగ్జాస్టుకు వెనక ఒత్తిడి కావాలి అని కొందరు చెప్పే మాట కూడా తప్పే. కావలసింది ఒత్తిడి కాదు, వేగం.

టర్బో లేని 1.2 లీటర్ల ఇంజినుకు క్యాటు తరువాతి భాగం ఎంత బాగా చేయించినా పెరిగేది ఒకటి రెండు హార్స్‌పవర్ మాత్రమే, అదీ ఆర్‌పీఎం పైకెక్కినప్పుడు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంచుకుని, టైర్లలో గాలి సరిగా పెట్టుకుంటే అంతకంటే ఎక్కువ తేడా మీకు కాలి కింద తెలుస్తుంది. అందుచేత పవర్ కోసం అయితే ఈ ఖర్చు దండగ. మన్నిక కోసం అయితే ఆలోచించదగినదే.

ఆ మన్నిక మాట వచ్చింది కనుక, డబ్బా ఎందుకు తుప్పు పట్టిందో కూడా తెలుసుకోండి. ఒక లీటరు పెట్రోల్ మండితే ఇంచుమించు ఒక లీటరు నీరు తయారవుతుంది. బండి బాగా వేడెక్కితే అది ఆవిరై పోతుంది. రోజూ ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే బండిలో డబ్బా వేడెక్కదు, నీరు ఆమ్లంగా మారి అడుగున నిలుస్తుంది, తుప్పు లోపలి నుంచి బయటికి తింటుంది. చాలా కంపెనీ డబ్బాలకు అడుగున సూదిమొన అంత రంధ్రం ఉండేది అందుకే. కొత్తగా చేయించే డబ్బాకు కూడా అది ఉందో లేదో చూడండి.

బాలానగర్ మిత్రుడు చెప్పిన రెండో రాకడకు లెక్క కూడా ఇస్తాను. 304 స్టీలు పైపు 2 మీటర్ల పొడవుది 400 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 14 మిల్లీమీటర్లు సాగుతుంది. 409 అయితే 9 దగ్గర ఆగుతుంది. అంటే మెరిసే పైపు కోసం ఎక్కువ డబ్బు పెట్టినవారికే మోత వచ్చే అవకాశం ఎక్కువ. నన్ను అడిగితే మీకు 409 చాలు.

ప్రశ్న వేసినవారి స్పందన: నిజాంపేట వాసి

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. పైపును 45 మిల్లీమీటర్లకు తగ్గించుకున్నాను, 304 ఆశ వదులుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. ఔటర్ మీద వచ్చే ఆ హోరును ముందుగానే ఊహించి నివారించే మార్గం ఏదైనా ఉందా, లేక వచ్చాక డబ్బా మీద డబ్బా పెట్టించుకోవడమేనా?

జవాబు: పాత పానా

ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 100 సార్లు పేలుతుంది, అంటే హోరు 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ప్రధాన పైపుకు పక్కగా, చివర మూసేసిన ఒక గొట్టాన్ని అతికితే, అందులోకి వెళ్లి తిరిగి వచ్చే శబ్దం ఎదురొచ్చే శబ్దాన్ని రద్దు చేస్తుంది. దాని పొడవు ఆ శబ్ద తరంగంలో నాలుగో వంతు ఉండాలి. వేడి వాయువులో శబ్దవేగం సెకనుకు 450 మీటర్లనుకుంటే 1.12 మీటర్లు వస్తుంది. చిక్కేమిటంటే మీ చిన్న కారు కింద అంత పొడవు గొట్టానికి చోటు దొరకదు, మడిచి పెట్టినా స్పీడ్ బ్రేకర్లకు తగులుతుంది. పైగా ఆ ఒక్క వేగం దగ్గరే అది పనిచేస్తుంది. మీకు తేలిక దారి, కంపెనీవారు నడిమి పైపులో పెట్టిన రెజొనేటర్ ఎంత కొలతదో, ఎక్కడుందో చూసి, కొత్త పైపులో అదే చోట అంతే కొలతది పెట్టించడం. వారు ఆ చోటును ఊరికే ఎంచలేదు.

జవాబు: బాలానగర్ ఆర్గాన్

ఆయన చెప్పింది నిజం. రెజొనేటర్ వద్దని 2,000 మిగిల్చుకున్న గిరాకీలే నెల తిరక్కుండా మా షెడ్డుకు తిరిగి వస్తారు. ఇంకొకటి, కొత్త పైపు పాతదానికంటే కిందికి వేలాడకుండా ముందే కొలత చెప్పండి. వానాకాలంలో మన రోడ్ల మీద నీళ్లు నిలిచినప్పుడు ఆ కాస్త ఎత్తు విలువ తెలుస్తుంది.

ప్రశ్న వేసినవారి స్పందన: నిజాంపేట వాసి

అయిదు వారాలు గడిచాయి, ఏం చేశానో చెప్పడం నా బాధ్యత. పాతది విప్పే పని నేనే పెట్టుకున్నాను, అదీ సెల్లార్‌లో కాకుండా, మా కాలనీలో బండ్లు కడిగే చోట ఉన్న లిఫ్టును రెండు గంటలకు మాట్లాడుకుని. మూడు రోజులు పూటపూటకూ స్ప్రే కొట్టినందువల్లనో ఏమో, రెండు నట్లూ విరగకుండా వచ్చాయి. కానీ లాభం పెద్దగా లేదు, షెడ్డువాళ్లు విప్పినందుకు తగ్గించింది 800 రూపాయలు, లిఫ్టుకు నేను ఇచ్చింది 500. పైగా చిల్లు తడి గుడ్డతో చుట్టి వదులుగా తిరిగి బిగించుకున్న బండిని షెడ్డు దాకా తీసుకెళ్లడానికి పడ్డ మొహమాటం వేరే. దారి పొడవునా జనం తిరిగి చూశారు.

14,000 చెప్పిన షెడ్డు దగ్గరికే వెళ్లాను. ద్రావకం పరీక్ష అడిగితే ఆ పెద్దాయన నవ్వి, "మీకెవరో బాగా నేర్పి పంపారు" అని ముందు తన దగ్గరున్న 202 ముక్క మీద, తరువాత నాకు వేయబోయే పైపు మీద వేసి చూపించారు. 409 పైపు, కొత్త రెజొనేటర్, కొత్త డబ్బా, కొత్త రబ్బర్లు, ఫ్లాంజికి కొత్త ప్యాకింగ్ అన్నీ కలిపి 15,600 అయింది. రెండుసార్లు ఉచితంగా చూస్తామని బిల్లు మీద రాయించుకున్నాను. పెట్రోల్ గొట్టం దగ్గర స్కేలు పెడితే మొదట 30 మిల్లీమీటర్లే వచ్చింది, చెప్పగానే కొక్కెం జరిపి 42 చేశారు.

మోత రానే వచ్చింది, 140 కిలోమీటర్ల తరువాత, రివర్స్ గేరులో మాత్రమే. వేడి మీదనే తీసుకెళ్తే పావుగంటలో తేల్చారు. వెనుక కొక్కెం వేడిని అడ్డుకునే రేకును వెంట్రుకవాసిలో తాకుతోంది. స్వరం పాతదానికంటే కొద్దిగా మందంగా ఉంది, హోరు లేదు. పొగ పరీక్ష మామూలుగానే దాటింది, బీమా వాళ్లకు మెయిల్ పంపాను, చేరినట్టు జవాబు వచ్చింది. పై ఫ్లాట్ పెద్దాయన మొన్న లిఫ్టులో కనిపిస్తే నేనే అడిగాను, శబ్దంలో ఏమైనా తేడా ఉందా అని. "రెండు నెలలు బుసకొట్టింది, ఇప్పుడు మానేసింది" అన్నారు.

పాత డబ్బా ఇంకా బాల్కనీలోనే ఉంది. ఊపితే లోపల నీళ్లు గలగలమంటున్నాయి. వచ్చే ఆదివారం గ్రైండరుతో కోసి చూస్తాను, ఎవరికైనా ఫొటోలు కావాలంటే చెప్పండి.